ఆవ మొక్క మీది పేనుబంక: గుర్తించడం ఎలా?



ఈనాటి మన పాఠం ఒక చిన్న కీటకం గురించి. ఎంత చిన్నదంటే, పొడవు సుమారు రెండు మిల్లీమీటర్లు. ఆవగింజ పక్కన పెట్టి చూస్తే దాదాపు ఆవగింజంతే ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఇది ఎక్కువగా బతికేది కూడా ఆవ మొక్క మీదే. తెలుగు రైతులు దీన్ని పేనుబంక అంటారు. బెంగాలీ రైతులు జాబ్ పోకా అంటారు, హిందీలో మాహూ అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో దీని పేరు మస్టర్డ్ ఏఫిడ్.

పేనుబంక అనే మాటను ఒకసారి విడదీసి చూడండి. పేను, బంక. తలలోని పేనులాగా చిన్నగా, మెత్తగా, గుంపుగా ఉండి రసం పీలుస్తుంది కాబట్టి పేను. అది చేరిన ఆకును ముట్టుకుంటే వేలికి జిగురు అంటుతుంది కాబట్టి బంక. పేరు పెట్టినవారు మన రైతులు. శాస్త్రం చదవకపోయినా రెండు గుర్తింపు లక్షణాలను పేరులోనే పెట్టేశారు. ఒకటి ఆకారం, రెండోది అది మిగిల్చే ఆనవాలు. గుర్తించడం అంటే ఇదే. ఇవాళ మనం ఆ పనినే ఇంకాస్త వివరంగా, భూతద్దం పట్టుకొని చేద్దాం.

ముందుగా, దీన్ని సరిగా గుర్తించవలసిన అవసరం ఏమిటో చెప్పాలి. అందుకు నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను.

నేను ఉండేది పశ్చిమ బెంగాల్‌లో, ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం పక్కనున్న సాలువాలో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వాళ్లు ఎందరో పనుల కోసం ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డారు. అందుకే ఇక్కడి పెరళ్లలో మన చిక్కుడు పందిరి, గోంగూర మడి కనిపిస్తాయి. వాటి పక్కనే ఆవ మడి కూడా ఉంటుంది. ఆవనూనె లేనిదే బెంగాల్‌లో వంట లేదు కదా! వరి కోతలయ్యాక అక్టోబరు, నవంబరు నెలల్లో ఆవాలు చల్లుతారు. డిసెంబరు చివరికల్లా ఆ ఎర్రమట్టి నేల మీద పసుపుపచ్చని పూలు పరుచుకుంటాయి. సరిగ్గా అప్పుడే, చలి, మబ్బు, తేమ కలిసిన రోజుల్లో, పేనుబంక వస్తుంది.

నేను ఎం.ఎస్సీ. జువాలజీ పూర్తి చేసి వచ్చిన కొత్త అది. మా పక్కింట్లో రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరుండేవారు. టెక్కలి వైపు నుంచి వచ్చినవారు. పెరట్లో నాలుగు మళ్లలో ఆవాలు వేశారు. జనవరిలో ఒకరోజు ఒక ఆవ కొన తుంచుకొని నా దగ్గరికి వచ్చారు. కొన నిండా పచ్చటి పేనుబంక. దాని మధ్యలో బూడిద రంగు నలుపులో, నారింజరంగు మచ్చలతో, ముళ్లముళ్లుగా ఉన్న పురుగులు నాలుగైదు గబగబా తిరుగుతున్నాయి.

"మాష్టారూ, ఈ నల్లవేటండీ? పేనుని తెచ్చింది ఇయ్యేనా?" అని అడిగారు.

నేను పుస్తకంలో పేనుబంక బొమ్మ చూశాను, అక్షింతల పురుగు బొమ్మ కూడా చూశాను. కానీ అక్షింతల పురుగు పిల్లదశలో ఎలా ఉంటుందో సరిగా చూడలేదు. "రెండూ చీడలే బాబాయ్, మందు కొట్టించండి" అన్నాను. ఆయన నా డిగ్రీని నమ్మారు. మందు కొట్టించారు. రెండు రోజులు మడి శుభ్రంగా కనిపించింది. రెండు వారాల్లో పేనుబంక మునుపటి కంటే ఎక్కువగా తిరిగి వచ్చింది. ఆ నల్ల పురుగులు మాత్రం రాలేదు. పూలు ముడుచుకుపోయాయి, కాయలు గింజ పట్టకుండా వంకర తిరిగాయి. ఆ ఏడాది ఆయన ఇంటికి సరిపడా ఆవాలు కూడా దక్కలేదు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అందుకే ఆ సంగతి ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు.

ఆ నల్ల పురుగులు అక్షింతల పురుగు పిల్లలు. పేనుబంకను తిని బతికేవి. నేను దొంగనూ కాపలావాణ్నీ ఒకే తాడుతో కట్టాను. కీటకాన్ని గుర్తించడం పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న మాత్రమే కాదని నాకు అర్థమైంది అప్పుడే.

ఇక పాఠంలోకి వద్దాం.

మొక్క మీద గుంపుగా కనిపించే చిన్న కీటకాలన్నీ పేనుబంకలు కావు. మొదటి పరీక్షకు భూతద్దం కూడా అక్కరలేదు. కొమ్మను మెల్లగా తట్టండి. తెల్లని పొడిలాగా లేచి ఎగిరితే అది తెల్లదోమ. పీతలాగా పక్కకు నడిచి ఆకు చాటుకు తప్పుకుంటే పచ్చదోమ. సన్నని నలకలాగా పొడవుగా ఉండి పువ్వులో దూరితే తామర పురుగు. చదునైన శరీరం మీద తెల్లని పిండి కప్పుకొని, అంచుల వెంట మైనపు పోగులతో ఉంటే పిండినల్లి. తట్టినా చాలామటుకు ఉన్నచోటనే ఉండి, మెత్తగా, తలవైపు సన్నగా, వెనకవైపు ఉబ్బుగా, జామకాయ ఆకారంలో కనిపిస్తే అది పేనుబంక.

ఇప్పుడు భూతద్దం తీసుకోండి. పదిరెట్లు పెద్దదిగా చూపేది చాలు. పురుగును వెనకవైపు నుంచి చూడండి. ఉదరం చివరి భాగంలో, పైన, రెండు చిన్న గొట్టాలు కనిపిస్తాయి. మోటారు సైకిలుకు రెండు వైపులా సైలెన్సర్ గొట్టాలు ఉన్నట్టుగా ఉంటాయి. వీటిని శాస్త్రంలో సైఫంకులై అని, కార్నికిల్స్ అని అంటారు. ఇలాంటి గొట్టాల జత వేరే కీటకాలకు ఉండదు. పేనుబంకల్లో కూడా కొన్ని జాతులకు గొట్టాలు లేవు, కొన్నింటికి ఉంగరాల్లా మాత్రమే ఉంటాయి. కానీ మన తోటల్లో, పొలాల్లో తరచుగా కనిపించే జాతులకు ఇవి స్పష్టంగా ఉంటాయి. రెండు గొట్టాల మధ్య, ఉదరం కొసన, నాలుకలాంటి చిన్న ముక్క ఒకటి ఉంటుంది. అది తోక. శాస్త్రంలో దాని పేరు కాడా.

ఈ గొట్టాల నుంచే తీపి జిగురు వస్తుందని పూర్వం చాలామంది అనుకొనేవారు. అది నిజం కాదు. శత్రువు పట్టుకున్నప్పుడు ఈ గొట్టాల నుంచి మైనం వంటి చుక్క వస్తుంది. అందులోని వాసన పక్కనున్న పురుగులకు ప్రమాద హెచ్చరిక. ఆ వాసన తగలగానే కొన్ని పురుగులు మొక్కను వదిలి కింద పడిపోతాయి. తీపి జిగురు వచ్చేది మలద్వారం నుంచి. పేనుబంక తన సన్నని సూదుల వంటి నోటి భాగాలను మొక్క పోషక కణజాలంలోకి దించి రసం పీలుస్తుంది. ఆ రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకు కావలసిన నత్రజని పదార్థాలు తక్కువ. కావలసినంత నత్రజని దొరకాలంటే చాలా రసం తాగాలి. మిగిలిపోయిన చక్కెర బయటికి పోతుంది. మన పేరులోని బంక అదే. దాని మీద నల్లని బూజు పెరిగితే ఆకు మసి పూసినట్టు అవుతుంది. కాబట్టి ఆకు మీద జిగురు, మసి కనిపిస్తే వాటి పైభాగంలో ఉన్న ఆకుల అడుగున వెతకండి. పురుగు దొరుకుతుంది.

ఇప్పుడు ఆవ పేనుబంకను తల నుంచి తోక దాకా వరుసగా చూద్దాం. పాఠ్యపుస్తకాల్లో దీని శాస్త్రీయ నామం లైపాఫిస్ ఎరిసిమి.

రెక్కలు లేని పెద్ద పురుగు పొడవు సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు. రంగు పసుపు కలిసిన ఆకుపచ్చ, బూడిద కలిసిన ఆకుపచ్చ, లేదా ముదురు ఆకుపచ్చ. ఒంటి మీద పలచని తెల్లని మైనపు పొడి ఉంటుంది. కళ్లు ముదురు రంగు. స్పర్శశృంగాలు, అంటే మీసాలు, ముదురు రంగులో ఉండి శరీరం పొడవు కంటే తక్కువగా ఉంటాయి. ప్రతి మీసంలో ఆరు ఖండాలు. మీసాలు మొదలయ్యే చోట నుదురు దాదాపు చదునుగా ఉంటుంది. ఈ నుదుటిని గుర్తు పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. వీపు మీద రెండు వరుసలుగా ముదురు పట్టీలు ఉంటాయి. ఉదరం కొస దగ్గరికి వచ్చేసరికి ఆ రెండూ కలిసి ఒకే పట్టీ అవుతాయి. మైనం పొడిని సన్నని కుంచెతో తుడిస్తే ఇవి బాగా కనిపిస్తాయి. గొట్టాలు లేత రంగులో ఉండి కొసన నల్లబడతాయి. పొడవులో తోకతో సమానంగానో, దాని కంటే కొంత ఎక్కువగానో ఉంటాయి. కొస వైపు కొద్దిగా ఉబ్బి, అంచు దగ్గర కాస్త నొక్కుకుపోయినట్టు ఉంటాయి.

రెక్కలున్న పురుగు కాస్త వేరుగా ఉంటుంది. తల, వక్షం ముదురుగా, ఉదరం పచ్చగా, పక్కల్లో నల్లని పట్టీలతో ఉంటుంది. రెండు జతల రెక్కలు పారదర్శకంగా, ముదురు ఈనెలతో, కూర్చున్నప్పుడు ఇంటికప్పులాగా వీపు మీద వాలి ఉంటాయి. ముందు జత పెద్దది, వెనక జత చిన్నది. పొలంలోకి మొదట వచ్చేవి ఇవే. ఇవి వచ్చి లేత కొన మీద పిల్లల్ని పెడతాయి. పసుపు రంగు వీటిని ఆకర్షిస్తుంది. పసుపు అట్టకు జిగురు పూసి చేనులో కట్టేది ఇందుకే. ఆ పిల్లలు పెరిగి చాలావరకు రెక్కలు లేనివిగానే ఉండి, అక్కడే గుంపు కడతాయి. కొన కిక్కిరిసిపోయాక, మొక్క ముదిరాక మళ్లీ రెక్కలున్నవి తయారై వేరే మొక్కకు ఎగిరిపోతాయి. రెక్కలున్నదీ, లేనిదీ రెండు జాతులని పొరబడకండి. ఒకే తల్లి సంతతిలో రెండు రూపాలూ ఉండవచ్చు.

పిల్ల పురుగులు పెద్దవాటిలాగే ఉంటాయి గాని చిన్నవి, లేత రంగువి. నాలుగుసార్లు కుబుసం విడిచి పెద్దవవుతాయి. ఆ విడిచిన తెల్లని కుబుసాలు బంకకు అంటుకొని కొన మీద ఉండిపోతాయి. వాటిని చూసి "తెల్ల పురుగు కూడా పట్టింది" అనుకొనేవాళ్లు ఉన్నారు. భూతద్దంతో చూస్తే అవి ఖాళీ చొక్కాలని తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు. ఆవ, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఒకే కుటుంబపు మొక్కలు. పువ్వుకు నాలుగు రేకులు, ఎదురెదురుగా ఉంటాయి. ఈ కుటుంబం మీద లైపాఫిస్ ఒక్కటే ఉండదు. మరో రెండు జాతులు కూడా వస్తాయి. ఒకటి క్యాబేజీ పేనుబంక, బ్రెవికొరైనె బ్రాసికే. దీనికి 1758లో లిన్నేయస్ పేరు పెట్టాడు. రెండోది మైజస్ పెర్సికే. దీన్ని 1776లో సుల్జర్ వర్ణించాడు. పీచ్ చెట్టు మీద కనిపించడం వల్ల ఆ పేరు వచ్చింది గాని, ఇది నాలుగు వందలకు పైగా మొక్క జాతుల మీద బతకగలదు. వందకు పైగా వైరస్‌లను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోయగలదు.

మూడూ పచ్చగానే కనిపిస్తాయి. మరి వేరు చేయడం ఎలా? మూడు ప్రశ్నలు వేసుకుందాం.

మొదటి ప్రశ్న: ఒంటి మీద మైనం ఎంత ఉంది? పిండిలో పొర్లించినట్టు మందంగా, బూడిద తెలుపుగా ఉంటే క్యాబేజీ పేనుబంకను అనుమానించండి. పలచగా ఉంటే లైపాఫిస్ కావచ్చు. అసలే లేకుండా నున్నగా ఉంటే మైజస్ కావచ్చు.

రెండో ప్రశ్న: గొట్టాలు తోకతో పోలిస్తే ఎంత ఉన్నాయి? తోక కంటే పొట్టిగా, నడుము ఉబ్బిన చిన్న పీపాల్లా ఉంటే క్యాబేజీ పేనుబంక. తోకతో సమానంగా లేక కొంచెం పొడవుగా ఉంటే లైపాఫిస్. తోకను దాటి బాగా పొడవుగా ఉంటే మైజస్.

మూడో ప్రశ్న: మీసాల మధ్య నుదురు ఎలా ఉంది? దాదాపు చదునుగా ఉంటే మొదటి రెండింటిలో ఒకటి. మీసాల మొదట్లో రెండు బుడిపెలు లేచి, ఒకదానివైపు ఒకటి వంగి, మధ్యలో లోతైన పల్లం ఉంటే అది మైజస్. రెక్కలున్న మైజస్‌కు ఉదరం వీపు మీద పెద్ద నల్లని మచ్చ కూడా ఉంటుంది.

నేను రంగును ఒక ప్రశ్నగా పెట్టలేదు, గమనించారా? రంగు మోసం చేస్తుంది. మైజస్ ఒకే జాతిలో లేత పచ్చగా, పసుపుగా, గులాబీ రంగులో కూడా ఉంటుంది. తేమ ఎక్కువైన రోజుల్లో లైపాఫిస్ మీద మైనం దట్టమై, తొందరలో చూసేవారికి క్యాబేజీ పేనుబంకలా కనిపిస్తుంది. అప్పుడు రెండో ప్రశ్న మిమ్మల్ని కాపాడుతుంది. మైనం పెరుగుతుంది, తరుగుతుంది. గొట్టం పొడవుకూ తోక పొడవుకూ ఉన్న నిష్పత్తి అంత సులభంగా మారదు. కీటకాల గుర్తింపులో ఇది మొదటి సూత్రం: మారే లక్షణాన్ని సూచనగా తీసుకోండి, మారని లక్షణాన్ని సాక్ష్యంగా తీసుకోండి.

ఏ భాగం మీద ఉందో చూడడం కూడా సాయపడుతుంది. లైపాఫిస్‌కు లేత కొన, పూగుత్తి, లేత కాయలు ఇష్టం. మైజస్ తరచుగా కింది ముదురాకుల అడుగున ఉంటుంది. ఇది కూడా సూచనే, సాక్ష్యం కాదు. అదే పెరట్లో చిక్కుడు పందిరి మీద నల్లగా, నున్నగా మెరిసే పేనుబంక ఉండి, చీమలు బారులు తీరి ఉంటే అది ఇంకొక జాతి, ఏఫిస్ క్రాక్సివోరా. చిక్కుడు మీది నల్ల పేను ఎగిరి వచ్చి ఆవ మీద పచ్చగా మారిందని కొందరు అంటుంటారు. అలా జరగదు. రెండింటి ఆతిథేయ మొక్కలు వేరు, జాతులు వేరు.

వీటిని తొందరగా గుర్తించవలసిన కారణం ఇంకొకటి ఉంది. అది వీటి సంతానం. 1740లో జెనీవాలో ఇరవయ్యేళ్ల యువకుడు ఛార్లెస్ బోనె ఒక పని చేశాడు. అప్పుడే పుట్టిన ఒకే ఒక్క పేనుబంక పిల్లను ఒక కొమ్మ మీద పెట్టి, గాజు పాత్ర మూసి, మరో పురుగు కలవకుండా రోజూ కాపలా కాశాడు. మగ పురుగును ఎన్నడూ చూడని ఆ తల్లి 95 పిల్లల్ని కన్నది. మగదాని ప్రమేయం లేకుండా సంతానం కలగడాన్ని అనిషేకజననం అంటాం. జంతువుల్లో దీన్ని ప్రయోగంతో రుజువు చేసిన తొలి సందర్భాల్లో ఇదొకటి. బోనె వయసు అప్పటికి మీలో చాలామంది వయసుకు దగ్గరే. అతనికి కావలసి వచ్చినది ఒక కొమ్మ, ఒక గాజు పాత్ర, బోలెడంత ఓపిక.

మన మైదానాల్లో చలికాలపు ఆవ చేలో మీరు చూసేవి దాదాపు అన్నీ ఆడ పురుగులే. గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్ని కంటాయి. పుట్టబోయే పిల్ల కడుపులో దాని పిల్ల పిండం అప్పటికే పెరుగుతూ ఉంటుంది. అనుకూలమైన వాతావరణంలో పుట్టిన పిల్ల వారం, పది రోజుల్లో తల్లి అవుతుంది. చిన్న లెక్క వేద్దాం. ఒక్కొక్కటి 50 పిల్లల్ని కంటుందనీ, అన్నీ బతుకుతాయనీ అనుకోండి. మొదటి తరంలో 50, రెండో తరంలో 2,500, మూడో తరంలో 1,25,000. అంటే దాదాపు నెల రోజుల పని. నిజంగా ఇన్ని బతకవు. ఎందుకు బతకవు? అదే కొమ్మ మీద వాటిని తినేవాళ్లు ఉన్నారు కాబట్టి.

వాళ్లనూ గుర్తించడం నేర్చుకోవాలి. పేనుబంక గుంపును చూసినప్పుడు పక్కన ఈ నాలుగింటి కోసం వెతకండి.

ఒకటి, అక్షింతల పురుగు. పెద్ద పురుగును అందరూ గుర్తు పడతారు. గుండ్రంగా, ఎర్రగా లేదా నారింజరంగులో నల్ల మచ్చలతో ఉంటుంది. గుర్తు పట్టనిది దాని పిల్ల పురుగును. పొడుగ్గా, బూడిద నలుపు రంగులో, నారింజ మచ్చలతో, చిన్న మొసలి పిల్లలాగా ఉంటుంది. ఆరు కాళ్లతో చురుగ్గా నడుస్తుంది. వెనక గొట్టాలు ఉండవు. రోజుకు పదుల సంఖ్యలో పేనుబంకలను తింటుంది.

రెండు, సిర్ఫిడ్ ఈగ పిల్ల. కాళ్లు లేవు, లేతపచ్చగా, జలగలాగా తలవైపు సన్నగా ఉంటుంది. కదలకుండా ఉంటే మొక్క భాగమే అనిపిస్తుంది. పేనుబంకను నోటితో పైకెత్తి రసం పీల్చి ఖాళీ తోలు వదిలేస్తుంది. పెద్దదయ్యాక తేనెటీగలాగా కనిపిస్తుంది గాని రెక్కలు ఒకే జత.

మూడు, అల్లిక రెక్కల పురుగు పిల్ల. గోధుమ రంగులో, ముందుకు పొడుచుకొచ్చిన కొడవళ్ల వంటి దవడలతో ఉంటుంది.

నాలుగోదాన్ని చూడడం కష్టం, అది చేసిన పని మాత్రం సులభంగా కనిపిస్తుంది. గుంపులో కొన్ని పేనుబంకలు ఉబ్బి, గుండ్రంగా, ఎండుగడ్డి రంగులో, కదలకుండా అంటుకొని ఉంటాయి. వాటిని మమ్మీలు అంటారు. డయరెటియెల్లా రాపే అనే చీమంతటి నల్ల కందిరీగ పేనుబంక ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే తిని పెరిగి, గుండ్రని రంధ్రం చేసుకొని బయటికి వస్తుంది. కొన మీద మమ్మీలు కనిపిస్తే సహాయం అందుతోందని అర్థం. వాటిని జబ్బు పడ్డ గింజలనుకొని నలిపెయ్యకండి.

మందు ఎప్పుడు అవసరం? ఆవ పైరుకు సాధారణంగా చేసే సిఫారసు ఇది. చేనులో అక్కడక్కడా మొక్కలను ఎంచుకొని, ప్రధాన కాండం చివరి 10 సెంటీమీటర్ల కొన మీద పేనుబంకలను లెక్కపెట్టాలి. సగటున 26 నుంచి 28 దాటితే అప్పుడు చర్య గురించి ఆలోచించాలి. లెక్కపెట్టాలంటే ముందు దేన్ని లెక్కపెట్టాలో తెలియాలి. కుబుసాలను, మమ్మీలను, అక్షింతల పిల్లలను కలిపి లెక్కపెడితే జవాబు తప్పు వస్తుంది, మందు దండగ అవుతుంది. పైగా ఆవ పూల మీదికి పగలు తేనెటీగలు వస్తాయి. మందు తప్పనిసరైతే వ్యవసాయాధికారిని అడిగి, సాయంత్రం పూట కొట్టాలి. పంటను ముందుగా విత్తితే, పేనుబంక ఉద్ధృతి వచ్చేసరికి కాయ గట్టిపడి చాలావరకు తప్పించుకుంటుంది.

ఇప్పుడు పేరు గురించి ఒక మాట. మన పుస్తకాల్లో ఉన్న లైపాఫిస్ ఎరిసిమిలోని ఎరిసిమి అనేది జర్మన్ శాస్త్రవేత్త కాల్టెన్‌బాక్ 1843లో పెట్టిన పేరు. 1914లో అమెరికాలో డేవిస్ అనే శాస్త్రవేత్త టర్నిప్ మొక్కల మీది పేనుబంకకు సూడోబ్రాసికే అని పేరు పెట్టాడు. చాలాకాలం రెండూ ఒకటేనని అనుకున్నారు. తరవాత క్రోమోజోములు లెక్కపెట్టి చూస్తే, యూరప్‌లో అడవి మొక్కల మీద బతికే ఎరిసిమిలో 10, పంటల మీద బతికే సూడోబ్రాసికేలో 8, కొన్నిచోట్ల 9 కనిపించాయి. అందువల్ల ప్రపంచమంతటా ఆవ జాతి పంటలను పాడుచేసేది నిజానికి లైపాఫిస్ సూడోబ్రాసికే అని ఇప్పుడు చాలామంది నిపుణులు అంటున్నారు. మీకు రెండు పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. గుర్తింపు అనేది ఒకసారి రాసి మూసేసే పుస్తకం కాదు. కొత్త సాక్ష్యం వస్తే నిపుణులు కూడా పేరు మార్చుకుంటారు.

ఈ విషయంలో మన తూర్పు ప్రాంతానికి మంచి సంప్రదాయం ఉంది. భారత జంతు సర్వేక్షణ సంస్థ 1916 నుంచి కోల్‌కతాలో పనిచేస్తోంది. 1980లో డి.ఎన్. రాయ్‌చౌధురి సంపాదకత్వంలో ఈశాన్య భారతం, భూటాన్‌ల పేనుబంకల మీద ఒక గ్రంథం కోల్‌కతా నుంచే వెలువడింది. అలాంటి గ్రంథాలకు ఆధారం గాజు పలకల మీద భద్రపరిచిన చిన్న చిన్న నమూనాలు, వాటి పక్కన రాసిన చీటీలు.

మీరు కూడా ఆ పని మొదలుపెట్టవచ్చు. సన్నని కుంచెను తడిపి పురుగును మెల్లగా తీయండి. బలవంతంగా లాగితే నోటి సూదులు మొక్కలోనే విరిగిపోతాయి. ముందు కుంచెతో తాకి, అది సూదులు బయటికి తీసుకొనే దాకా ఆగండి. చిన్న సీసాలో 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. ఇది మీ కళాశాల ప్రయోగశాలలో అధ్యాపకుల సమక్షంలో చేయవలసిన పని. ఆల్కహాల్‌లో రంగు, మైనం పోతాయి. కాబట్టి బతికి ఉన్నప్పటి రంగును ముందే రాసుకోవాలి. చీటీ మీద ఐదు విషయాలు ఉండాలి: తేదీ, స్థలం, మొక్క పేరు, మొక్కలో ఏ భాగం మీద ఉందో, బతికున్నప్పటి రంగూ మైనమూ. చీటీ లేని నమూనా పేరు లేని ఉత్తరం లాంటిది. భూతద్దంతో మీరు వేసిన మూడు ప్రశ్నలు "ఇది కావచ్చు" అని చెబుతాయి. "ఇదే" అని చెప్పడానికి గాజు పలక మీద అమర్చి, సూక్ష్మదర్శిని కింద గొట్టాలను, తోకను, మీసాలను కొలవాలి. ఈ రెండు మాటలకూ ఉన్న తేడాను ఎప్పుడూ మరచిపోకండి. నేను ఆనాడు "కావచ్చు" అనవలసిన చోట "చీడే" అన్నాను.

ఆ పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి ఏడాది జనవరిలో ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి చేతిలో గాజు గ్లాసు ఉంది. గ్లాసులో ఆవ కొన, దాని మీద పేనుబంక, మధ్యలో ఒక నల్ల పురుగు. మూతికి పలచటి గుడ్డ కట్టారు.

"మాష్టారూ, దీన్ని చంపీమంటారా, ఉంచీమంటారా?" అని అడిగారు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "చూద్దాం బాబాయ్" అన్నాను. గ్లాసు మా కిటికీలో పెట్టాం. రోజూ ఒక కొత్త కొన వేశాం. ఆ పురుగు రోజూ దాన్ని ఖాళీ చేసింది. కొన్నాళ్లకు గ్లాసు గోడకు అతుక్కొని కదలడం మానేసింది. ఆ తరవాత వారం తిరగకుండానే ఒకరోజు ఉదయం గ్లాసులో ఎర్రటి అక్షింతల పురుగు తిరుగుతూ కనిపించింది. ఆయన గుడ్డ విప్పి, గ్లాసును ఆవ మడిలోకి తీసుకెళ్లి వంచారు.

ఈ చలికాలంలో మీ పెరట్లో గాని, చేలో గాని ఒక ఆవ కొనను, లేకపోతే ముల్లంగి కొనను పట్టుకొని చూడండి. మూడు ప్రశ్నలు వేయండి. దాని పక్కన ఎవరున్నారో చూడండి. చూసినది రాసుకోండి. మీ ఇంట్లో ఎవరైనా "చంపాలా, ఉంచాలా?" అని అడిగితే, జవాబు చెప్పే ముందు ఒక గ్లాసు తెమ్మనండి.